సింగపూర్ నుంచి రాత్రి 8 గంటల విమానం, 18 మంది బృందం: ఆఖరి రోజు ఎలా గడపాలి?

మీరు రాసిన వివరాలు ఇవి. విజయవాడ నుంచి మూడు కుటుంబాలు, మొత్తం 18 మంది. వారిలో ఐదుగురు పిల్లలు, 70 ఏళ్లు దాటిన పెద్దవాళ్లు ముగ్గురు. మీ పెద్దమ్మగారు ఇన్సులిన్ తీసుకుంటారు. హోటల్ లిటిల్ ఇండియాలో ఉంది, మధ్యాహ్నం 12 గంటలకు గదులు ఖాళీ చేయాలి. హైదరాబాద్ విమానం రాత్రి 8కి. ‘సాయంత్రం దాకా ఖాళీయే కాబట్టి ఉదయం యూనివర్సల్ స్టూడియోస్, వస్తూ ముస్తఫాలో కొనుగోళ్లు, అటు నుంచి అటే ఎయిర్‌పోర్టు, శంషాబాద్‌లో దిగి అదే రాత్రి మన కార్లలో విజయవాడ’ అని మీ ఆలోచన.

ఇలాంటి బృందాలను తీసుకెళ్లి తీసుకురావడం నా వృత్తి. అందుకే మొహమాటపడకుండా చెబుతున్నాను. ఇందులో రెండు మార్చండి. యూనివర్సల్ స్టూడియోస్‌ను ఆఖరి రోజుకు ఒకటి రెండు రోజుల ముందే చూసేయండి. రాత్రి కార్ల ప్రయాణం పూర్తిగా మానండి. మిగతావన్నీ సర్దుబాటు చేసుకోవచ్చు.

సాయంత్రం విమానం ఉన్నప్పుడు అందరూ చేసే పొరపాటు, ఆ రోజును సగానికి పైగా తిరగడానికి మిగిలిన రోజుగా చూడటం. వెనక నుంచి లెక్క వేసి చూడండి. 8కి విమానం కదలాలంటే చాలా సంస్థలు 7కే చెకిన్ కౌంటరు మూసేస్తాయి. ఒక్కడే ప్రయాణికుడైతే 6కి వచ్చినా నడుస్తుంది. 18 మంది, దాదాపు 25 పెట్టెలు, చక్రాల కుర్చీ, పన్ను వాపసు పని ఉన్నప్పుడు నాలుగున్నరకల్లా చాంగీ ఎయిర్‌పోర్టు తలుపు దగ్గర ఉండాలి. లిటిల్ ఇండియా నుంచి చాంగీ సుమారు 20 కిలోమీటర్లు. రోడ్డు ఖాళీగా ఉంటే అరగంట, ఆఫీసులు వదిలే వేళ దగ్గరపడితే అంతకంటే ఎక్కువ. పెట్టెలు బస్సులోకి ఎక్కించడానికి అరగంట పట్టుకోండి. అంటే మూడున్నరకల్లా హోటల్ గుమ్మం దాటాలి, భోజనాలు రెండున్నరకల్లా ముగియాలి. ఇక మీకు మిగిలింది ఉదయం పూట మాత్రమే. యూనివర్సల్ స్టూడియోస్ తెరిచేదే ఉదయం పొద్దెక్కాక. అంత డబ్బు పోసి టికెట్ కొని, పిల్లలు రెండు రైడ్లు ఎక్కగానే ‘పదండి పదండి’ అని చేయి పట్టుకుని లాక్కురావడం వాళ్లకు అన్యాయం. పైగా సింగపూర్‌లో మధ్యాహ్నం వాన ఎప్పుడు ఉరుముతుందో తెలియదు. ఉరుములు మెరుపులు మొదలైతే ఆరుబయటి రైడ్లు ఆపేస్తారు. తడిసిన బట్టలతో విమానం ఎక్కాల్సి వస్తుంది.

ఆఖరి ఉదయానికి గార్డెన్స్ బై ది బే సరిపోతుంది. అక్కడి ఫ్లవర్ డోమ్, క్లౌడ్ ఫారెస్ట్ తోటలు రెండూ అద్దాల కప్పు కింద చల్లగా ఉంటాయి. వానతో సంబంధం లేదు, పెద్దవాళ్లకు చెమట పట్టదు, కూర్చునే చోట్లు ఉంటాయి. 9 గంటలకు వెళ్తే పదకొండున్నరకల్లా తీరిగ్గా చూసి రావచ్చు. తర్వాత సెరంగూన్ రోడ్డుకు వచ్చి మన భోజనం చేయండి. శాకాహారులకు 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్ అక్కడే ఉంది. ఆంధ్ర భోజనం కావాలంటే ఆ చుట్టుపక్కల వీధుల్లోనే దొరుకుతుంది. ఇంత మంది ఒకేసారి వెళ్తే కూర్చోబెట్టడానికి అవస్థ పడతారు, ముందురోజే చెప్పి పెట్టండి.

హోటల్‌తో ఈ విషయం ఇప్పుడే మాట్లాడండి: గదులన్నీ 12కి ఇచ్చేయండి కానీ రెండు గదులు మాత్రం మూడు గంటల దాకా ఉంచుకోండి. ఒకటి ఆడవాళ్లకు, ఒకటి మగవాళ్లకు. కొంత అదనపు డబ్బు అడుగుతారు. 18 మంది పంచుకుంటే అది లెక్కలోకి రాదు. ఆ గాలిలో తేమకు ఉదయం తిరిగిన బట్టలు ఒంటికి అంటుకుపోతాయి. స్నానం చేసి, పొడి బట్టలు కట్టుకుని, పెద్దవాళ్లు ఒక గంట నడుము వాల్చి విమానం ఎక్కితే ఆ రాత్రి ప్రయాణమే వేరుగా ఉంటుంది. చల్లటి విమానంలో చెమట బట్టలతో నాలుగున్నర గంటలు కూర్చోవడం ఎవరికైనా ఇబ్బందే. విమానంలో ఒంటి మీద ఉండాల్సిన శాలువా, సాక్సులు పెట్టెలో అడుగున పెట్టేయకండి.

బస్సు విషయంలో ఒక జాగ్రత్త. వచ్చేటప్పుడు 18 మందికి సరిపోయిన చిన్న బస్సు పోయేటప్పుడు సరిపోదు. మనుషులు అంతే, సామాను పెరిగి ఉంటుంది. కొనుగోళ్ల సంచులు, ఆ ఊళ్లో కొన్న కొత్త పెట్టె ఒకటి రెండు తోడవుతాయి. చిన్న బస్సులో డిక్కీ చోటు తక్కువ. సామాను బండి విడిగా కావాలని రెండు రోజుల ముందే చెప్పండి. హోటల్ ముందు బస్సు ఆగడానికి ఇచ్చే సమయం కూడా కొద్దిసేపే, సామాను మొత్తం కిందికి దించి వరుసగా పెట్టుకున్న తర్వాతే బండిని పిలవండి.

ముస్తఫా సెంటర్ గురించి. దయచేసి ఆఖరి రోజు వద్దు. అది ఒకసారి లోపలికి వెళ్తే గడియారం మరిచిపోయే చోటు. చాకొలెట్ల అంతస్తులో ఒకరు, అత్తరుల దగ్గర ఒకరు, ఫోన్ల దగ్గర ఒకరు చెదిరిపోతారు. ఆదివారం సాయంత్రమైతే లిటిల్ ఇండియా వీధులన్నీ జనమే. చివరి రోజుకు రెండు రాత్రుల ముందు వెళ్లండి. అప్పుడు సర్దుకోవడానికీ, తూచుకోవడానికీ ఒక రాత్రి మిగులుతుంది. చేతితో పట్టుకుని తూచే చిన్న కాటా ఒకటి మూడు కుటుంబాలకూ చాలు. టికెట్‌తో ఎన్ని కిలోలు వస్తాయో చూసుకోండి, ఎక్కువయ్యేలా ఉంటే ఆన్‌లైన్‌లో ముందే కొనండి, కౌంటరు దగ్గర కిలో లెక్కన కట్టించుకునేది చాలా ఎక్కువ. మొత్తం బరువు మిగిలి ఉన్నా ఒక్కో పెట్టె 32 కిలోలు దాటితే తీసుకోరు.

అక్కడి జీఎస్టీ 2024 నుంచి 9 శాతం. పర్యాటకులకు దాన్ని వాపసు ఇస్తారు కాబట్టి అది వదులుకోదగ్గ మొత్తం కాదు. ఈ పథకంలో చేరిన దుకాణంలో కనీసం 100 సింగపూర్ డాలర్ల సరుకు కొనాలి. ఒకే దుకాణంలో అదే రోజు చేసిన మూడు బిల్లుల దాకా కలుపుకోవచ్చు. డబ్బు కట్టేటప్పుడే అసలు పాస్‌పోర్టు చూపించి ఆ లావాదేవీని నమోదు చేయించుకోవాలి. బృందాల్లో చిక్కు ఇక్కడే వస్తుంది. ‘అన్నయ్య కార్డు మీద కొట్టించేద్దాం, తర్వాత లెక్క చూసుకుందాం’ అంటారు. వాపసు అడగాల్సింది ఎవరి పాస్‌పోర్టు మీద కొన్నారో వారే. కాబట్టి ఎవరి కొనుగోళ్లు వారి పేరు మీదే చేయండి. ఎయిర్‌పోర్టులో వస్తువు పెట్టెలో వేసి పంపేదైతే చెకిన్ కంటే ముందే, బయటి హాలులో ఉన్న యంత్రం దగ్గర ఈ పని చేయాలి. వస్తువులు చూపించమని అడిగితే పెట్టె తెరవాలి, అందుకే వాటిని పైపొరలో సర్దుకోండి. చేతిలో తీసుకెళ్లేవైతే ఇమిగ్రేషన్ దాటాక లోపల చేసుకోవచ్చు. కొంత రుసుము పోగా మిగతాది వస్తుంది.

పాస్‌పోర్టులన్నీ ఒకరి దగ్గరే ఉంచుకోవడం మనవాళ్ల అలవాటు, యాత్ర నడుమ అది మంచిదే. తిరుగు రోజు ఉదయం మాత్రం ఎవరిది వారికి ఇచ్చేయండి. పెద్దవాళ్లకు మెడలో వేలాడే సంచిలో పెట్టి ఇవ్వండి. ఒక బృందంలో ఒక పెద్దాయన రాత్రి సర్దుతూ కుటుంబం పాస్‌పోర్టులు నాలుగూ ‘భద్రంగా’ పెట్టెలో పెట్టారు. ఏ పెట్టెలోనో గుర్తులేదు. చెకిన్ హాలులో నేల మీద పెట్టెలు ఒక్కొక్కటే తెరిచారు. పిల్లల తడి ఈత దుస్తులు, చాకొలెట్ పొట్లాలు, ఇంటికి కొన్న చీరలు అన్నీ గచ్చు మీదికి వచ్చాయి. ఆయన భార్య ఒక్క మాట అనకుండా మోకాళ్ల మీద కూర్చుని మడతపెడుతూనే ఉన్నారు. మూడో పెట్టెలో, బూట్ల లోపల దొరికాయి. విమానం అందింది కానీ ఆ దంపతులు యాత్ర గురించి చెప్పమంటే ముందుగా గుర్తు చేసుకునేది ఆ అరగంటనే.

చేతి సంచిలో ఏం ఉండాలి, ఏం ఉండకూడదు అన్నది ముందురోజు రాత్రి పెద్దగా చదివి వినిపించండి. పవర్ బ్యాంకులు పెట్టెలో పంపకూడదు, చేతి సామానులోనే ఉండాలి. 20,000 ఎంఏహెచ్ అంటే సుమారు 74 వాట్ అవర్లు, 100 దాకా అనుమతి అక్కర్లేదు. సింగపూర్ ఎయిర్‌లైన్స్, స్కూట్ విమానాల్లో 2025 ఏప్రిల్ నుంచి పవర్ బ్యాంకుతో ఫోను చార్జింగ్ చేయడం నిషేధం, కాబట్టి ఫోన్లు ముందే నింపుకోండి. ప్రతి ఇంటికీ కొనే టైగర్ బామ్, తైలాలు, అత్తరులు పెట్టెలో వేయండి. చేతి సామానులో ద్రవాలు 100 మిల్లీలీటర్ల సీసాకు మించి ఒప్పుకోరు, లేపనాలూ ఆ లెక్కలోకే వస్తాయి. ఇంటి నుంచి తెచ్చుకున్న ఆవకాయ, గోంగూర మిగిలి ఉంటే దానికీ ఇదే నియమం. సగం ఖాళీ అయిన సీసాలో నూనె కదిలి, మూత ఎంత బిగించినా పెట్టెలో బట్టల మీదికి కారుతుంది. మీ డ్రైవరుకో గైడుకో, అక్కడ ఉద్యోగం చేసుకుంటున్న తెలుగు పిల్లలకో ఇచ్చేసి రండి, ఆనందంగా తీసుకుంటారు.

చాంగీలో ఇంకో విశేషం ఉంది. ఒకటి, రెండు, మూడు టెర్మినళ్లలో భద్రతా తనిఖీ ఇమిగ్రేషన్ దగ్గర ఉండదు, విమానం ఎక్కే గేటు దగ్గర ఉంటుంది. నాలుగో టెర్మినల్లో మాత్రం మొదటే చేస్తారు. ఇమిగ్రేషన్ దాటేశాం కదా అని పెద్ద నీళ్ల సీసాలు కొంటే గేటు దగ్గర పారబోయాలి. గేటు తనిఖీ దాటి కూర్చున్నాక మళ్లీ బయటికి రావడం చికాకు, అందుకని పిల్లలనూ పెద్దవాళ్లనూ ముందే బాత్రూముకు తీసుకెళ్లండి. ఎయిర్‌పోర్టును ఆనుకుని ఉన్న జ్యూయల్ మాల్‌లోని పెద్ద జలపాతం చూడాలంటే చెకిన్ అయ్యాక, ఇమిగ్రేషన్‌కు ముందే చూడాలి, అది బయటి భాగంలో ఉంది. 40 మీటర్ల ఎత్తు నుంచి పడే నీరు, పగటి వెలుగులోనే ఎంతో బాగుంటుంది. లైట్ల ప్రదర్శన చీకటి పడ్డాక, మీ విమానం కదిలే వేళకు గానీ మొదలుకాదు, దాని కోసం ఆగకండి. నాలుగున్నరకు వచ్చినవాళ్లకు అరగంట అక్కడ గడిపే వీలుంటుంది. ఆలస్యంగా వచ్చినవాళ్లకు ఉండదు.

పద్దెనిమిది మందిని ఒకరే లెక్కపెట్టబోతే తప్పుతుంది. ఆరుగురేసి చొప్పున మూడు జట్లు చేసి, ఒక్కో జట్టుకు ఒకరిని బాధ్యులుగా పెట్టండి. కుటుంబం వారీగా కాకుండా కలిపి చేయండి, అప్పుడు పిల్లలు కూడా ఒద్దికగా ఉంటారు. ముందు నడిచేవారు ఒకరు, అందరికంటే వెనక వచ్చేవారు ఒకరు ఉండాలి. వెనక వచ్చే మనిషి చాలా ముఖ్యం. ఆయన దుకాణాల్లోకి వెళ్లకూడదు, ఫోను చూసుకుంటూ ఆగిపోకూడదు. బృందం నడక ఎప్పుడూ అందులో అందరికంటే నెమ్మదిగా నడిచేవారి నడకే అని అందరూ ముందే ఒప్పుకోవాలి. తిరుగు ప్రయాణంలో బృందం మళ్లీ విడివిడి కుటుంబాలుగా విడిపోతుంది. ఎవరి పిల్లలు, ఎవరి పెట్టెలు వాళ్లు చూసుకుంటారు. ఆ సందులో ఒంటరిగా మిగిలేది ఎవరి కుటుంబంలోనూ నేరుగా లేని పెద్దమ్మో, బాబాయో. మీ పెద్దమ్మగారి పక్కన ఎవరు కూర్చుంటారు, ఎవరు చేయి పట్టుకుంటారు అన్నది ఇప్పుడే పేరు పెట్టి తేల్చండి.

ఉమ్మడి ఖర్చుల లెక్క ఆఖరి రాత్రి హోటల్ గదిలోనే ముగించండి. ఎయిర్‌పోర్టులో అలసిన ఒంటితో, ఆకలి మీద డబ్బు మాట వద్దు. పదేళ్ల స్నేహాలు 40 డాలర్ల టాక్సీ బిల్లు దగ్గర ముభావంగా మారడం చూశాను. మిగిలిన నాణేలు ఇక్కడ మార్చుకోరు, అక్కడే పిల్లలకు ఏదైనా కొనిపెట్టండి.

ఇప్పుడు పెద్దమ్మగారి విషయం. ఇన్సులిన్, సూదులు, మాత్రలు, డాక్టరు చీటీ అన్నీ చేతి సంచిలోనే ఉండాలి. పెట్టెలు పెట్టే చోట చలికి ఇన్సులిన్ గడ్డకట్టి పాడయ్యే ప్రమాదం ఉంది. సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందు, కాబట్టి తిరిగి వచ్చే రోజు ఆవిడకు రెండున్నర గంటలు పొడవవుతుంది. మోతాదు వేళల గురించి బయల్దేరే ముందే ఆవిడ డాక్టరును అడిగి కాగితం మీద రాయించుకోండి. ఆవిడ రాత్రి భోజనం వేళకు విమానం నేల మీద నుంచి లేస్తుంటుంది, భోజనం చేతికొచ్చేసరికి సుమారు మరో గంట. గాలి కుదుపులుంటే ఇంకా ఆలస్యం. అందుకే ఆరున్నరకు ఎయిర్‌పోర్టులోనే కొంచెం తినిపించండి. భోజనానికి ముందు వేసుకునే ఇన్సులిన్ అయితే పళ్లెం ఎదురుగా పెట్టాకే వేసుకోవాలి, ‘వస్తోంది’ అన్న మాట నమ్మి వేసుకోకూడదు. సంచిలో గ్లూకోజు బిళ్లలు, బిస్కెట్లు ఉండాలి.

భోజనాల గురించి చాలామందికి తెలియని విషయం ఒకటి. విమానంలో ‘హిందూ మీల్’ అంటే శాకాహారం కాదు. అందులో గొడ్డు మాంసం ఉండదు, కోడి మాంసమో చేపో ఉండవచ్చు. మన తరహా శాకాహారం కావాలంటే ‘ఏవీఎంఎల్’ అన్న సంకేతంతో అడగాలి. విమానం బయల్దేరడానికి 24 గంటల ముందుగానైనా చెప్పాలి. వెళ్లేటప్పుడు పెట్టించుకున్నాం కదా అని ఊరుకోకండి, తిరుగు విమానానికి కూడా నమోదై ఉందో లేదో విడిగా చూసుకోండి. చవక టికెట్ల విమానమైతే భోజనమే విడిగా కొనుక్కోవాలి. చక్రాల కుర్చీని కనీసం 48 గంటల ముందే అడగండి, శంషాబాద్‌లో దిగేటప్పుడు కూడా కావాలని చెప్పండి. బృందం మొత్తానికి దారి చూపే మనిషిని ఆ కుర్చీతో పంపకండి, కుర్చీ వేరే వరుసలో వెళ్లిపోతుంది.

ఎయిర్‌పోర్టులో ఎవరైనా తెలుగులో పలకరించి, ‘మా అమ్మకు మందులు, మీదగ్గర బరువు మిగిలితే పట్టుకెళ్తారా, శంషాబాద్‌లో మావాళ్లు వచ్చి తీసుకుంటారు’ అంటే ఒప్పుకోవద్దు. పెద్దవాళ్లు, పిల్లలున్న బృందాలను చూసే ఇలా అడుగుతారు, మన వాళ్లకు కాదనడం కష్టం. మీ పెట్టెలో ఉన్నది మీదే అని చట్టం అనుకుంటుంది. అందులో బంగారం ఉండవచ్చు, మత్తుపదార్థం ఉండవచ్చు. మత్తుపదార్థాల విషయంలో సింగపూర్‌లో ఉరిశిక్ష దాకా ఉంది. ఈ మాట ముగ్గురు పెద్దవాళ్లకూ విడివిడిగా చెప్పండి. మీ సొంత బంగారం సంగతి కూడా తెలుసుకోండి. నగలకు ఇచ్చే సుంకం మినహాయింపు ఏడాదికి మించి విదేశంలో ఉండి వచ్చేవారికి, వారం రోజుల పర్యాటకులకు కాదు. అక్కడ కొన్న నగ ఉంటే శంషాబాద్ కస్టమ్స్ దగ్గర, సుంకం కట్టాల్సినవారి కోసం ఉన్న ఎరుపు దారిలో వెళ్లి ప్రకటించండి. ఇక్కడి నుంచి వేసుకెళ్లే పెద్ద నగలకు వెళ్లేటప్పుడే కస్టమ్స్ దగ్గర ధ్రువపత్రం తీసుకోవచ్చు, అంతకంటే ఇంట్లో పెట్టి వెళ్లడం మేలు. మద్యం తలకు రెండు లీటర్ల దాకా సుంకం లేదు.

శంషాబాద్‌లో మన పాస్‌పోర్టు ఉన్నవారు ఇమిగ్రేషన్ చీటీ నింపనక్కర్లేదు. పెట్టెలు వచ్చే బెల్టు దగ్గర అందరూ ఎగబడకుండా జట్టుకు ఇద్దరు చాలు, మిగతావాళ్లు కూర్చోవచ్చు. పెట్టెలకు ముందే ఒకే రంగు రిబ్బను కట్టుకోండి. ఏదైనా పెట్టె రాకపోతే కస్టమ్స్ దాటక ముందే, ఆ హాలులోనే విమాన సంస్థ బల్ల దగ్గర ఫిర్యాదు రాయించి కాగితం తీసుకోండి.

ఇక రాత్రి కార్ల ప్రయాణం. రాత్రి 10 దాటాక దిగుతారు, బయటికి వచ్చేసరికి పదకొండుంబావు. పార్కింగ్ నుంచి కార్లు తీసి, సామాను సర్ది, ఔటర్ రింగు రోడ్డు ఎక్కేసరికి పన్నెండవుతుంది. పెద్ద అంబర్‌పేట దగ్గర 65వ నంబరు జాతీయ రహదారిలోకి దిగి, సూర్యాపేట చేరేసరికి రెండు దాటుతుంది. వారం రోజులు సింగపూర్ వేళకు అలవాటైన ఒంటికి అది తెల్లవారుజామున నాలుగున్నర. ఉదయం 7కి లేచి తిరిగిన మనిషి స్టీరింగ్ పట్టుకుని ఉంటాడు, వెనక సీట్లో అందరూ నిద్రపోతుంటారు, మాట్లాడేవాళ్లు ఉండరు. టీ తాగితే నిద్ర పోదు, కాసేపు వాయిదా పడుతుంది అంతే. దాదాపు 280 కిలోమీటర్ల దారి అది. మీలో ఎవరు నడిపినా, ఎంత అనుభవం ఉన్నా, ఆ రాత్రి వద్దు. బాడుగ డ్రైవరును పెట్టుకున్నా అతను పగలంతా పడుకుని వచ్చాడా అని అడిగి తెలుసుకోండి, పొద్దున్నుంచి ఇంకో కిరాయి తోలి వచ్చిన మనిషైతే అతనిదీ అదే పరిస్థితి.

శంషాబాద్ చుట్టుపక్కల గదులు ఇప్పుడే తీసుకోండి, లేదా నగరంలో బంధువులు ఉంటే పుష్పక్ బస్సులో వెళ్లండి, అవి రాత్రి కూడా తిరుగుతాయి. మర్నాడే ఆఫీసుకు వెళ్లాల్సినవాళ్లు మీలో ఉంటే, ఒక రోజు సెలవు అదనంగా పెట్టమనండి. పిల్లలకు ఆ రాత్రి పరుపు మీద నిద్ర దొరుకుతుంది, పెద్దమ్మగారికి మందు వేళ తప్పదు. ఉదయం 7 గంటలకు టిఫిను చేసి బయల్దేరితే, దారిలో ఒకసారి ఆగినా మధ్యాహ్నం భోజనం వేళకు విజయవాడలో ఉంటారు.